స్టీలు వైరు తీసి సింథటిక్ తాడు వేస్తున్నాను: పాత రోలర్ ఫెయిర్‌లీడ్ ఉంచవచ్చా, హాస్ వేయాలా?

నల్లరేగడి_థార్

అందరికీ నమస్కారం. నాది 2021 థార్ డీజిల్ బండి. ముందు స్టీలు బంపర్‌లో 9,500 పౌండ్ల వించ్ (డ్రమ్‌కు తాడు చుడుతూ బండిని లాగే మోటారు యంత్రం) ఉంది, అంటే కాగితం మీద సుమారు 4,300 కిలోల లాగుడు. దానితో పాటు వచ్చిన స్టీలు వైరునే ఇంతకాలం వాడాను. ఇప్పుడు ఆ వైరులో పోగులు అక్కడక్కడ తెగి ముళ్లలా లేచాయి, తోలు గ్లౌజులు వేసుకున్నా గుచ్చుకుంటున్నాయి. అందుకని 10 మి.మీ. మందం ఉన్న సింథటిక్ తాడు 28 మీటర్లు తెప్పించాను. తాడు చేతికి వచ్చాక అసలు సందేహం మొదలైంది. అది డ్రమ్ నుంచి బంపర్ దాటి బయటికి వచ్చే చోట ఎలాంటి ఫెయిర్‌లీడ్ (తాడుకు దారి చూపే చట్రం) ఉండాలి?

ఇప్పుడున్నది నాలుగు రోలర్లది: అడ్డంగా రెండు, నిలువుగా రెండు. తాడు అమ్మిన దుకాణంవారు రోలర్లు తిరుగుతున్నంత కాలం అవే చాలునన్నారు. మరో చోట అడిగితే సింథటిక్ తాడుకు హాస్ (రోలర్లు లేకుండా, గుండ్రని అంచుల నోరున్న ఒకే ముక్క ఫెయిర్‌లీడ్) తప్పనిసరి అని చెప్పి, నల్లటి పౌడర్ కోటింగ్ వేసిన సన్నని అల్యూమినియం పలకను చూపించారు. చూడడానికి బాగానే ఉంది కానీ, తాడు అంచు మీద ఒరుసుకుంటూ వస్తే వేడికి కరిగిపోదా అన్న భయం నన్ను వదలడం లేదు.

మేము తిరిగేది ఎక్కువగా వికారాబాద్, జహీరాబాద్ వైపు పొలం బాటల్లో. వానలు పడ్డాక అక్కడి నల్లరేగడి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. బండి కూరుకుపోయినప్పుడు ఎదురుగా చెట్టు దొరకడం అరుదు, చాలాసార్లు పక్కకు మళ్లించి లాగవలసి వస్తుంది. ఈ పరిస్థితికి ఏ రకం నప్పుతుంది, ఏ లోహం మంచిది, కొనేటప్పుడు ఏ కొలతలు చూసుకోవాలి అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మేస్త్రి_ఆటోనగర్

నమస్కారమండీ. ఆ పాత రోలర్లను మాత్రం ఉంచకండి. అవి ఎంత బాగా తిరుగుతున్నా సరే, స్టీలు వైరు నడిచిన ఫెయిర్‌లీడ్‌ను సింథటిక్ తాడుకు వాడకూడదు. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

కారణం చెబుతాను. వైరు బిగువుగా ఒరిగినప్పుడు రోలర్ మీద సన్నని మెలికల గాడులు పడతాయి. ఆ గాడుల అంచులు పైకి లేచి పదునెక్కుతాయి. కంటికి నిగనిగలాడుతున్నట్టే కనిపిస్తుంది కానీ, గోరు అడ్డంగా నడిపితే తెలుస్తుంది. ఇంకా మంచి పరీక్ష దూది. చిన్న దూది ఉండను తీసుకొని రోలర్ చుట్టూ, చివర్ల దగ్గర, మూలల్లో మెల్లగా రుద్దండి. ఎక్కడ దూది పోగు చిక్కుకొని మిగిలిందో అక్కడ మీ తాడు కూడా తెగుతుంది. మన సింథటిక్ తాడు నార అతి బరువైన అణువుల పాలిథిలిన్. డైనీమా, స్పెక్ట్రా అన్న పేర్లతో అమ్మేది ఇదే. లాగుడుకు ఉక్కును మించి నిలుస్తుంది, నీళ్లలో తేలుతుంది కూడా, కానీ పదునుకు లొంగిపోతుంది. పైగా ఇది పన్నెండు పాయల అల్లిక. ప్రతి పాయా కొంత దూరానికి ఒకసారి పైకి తేలుతుంది కాబట్టి, పైపైన గీసుకుపోయినా ఏదో ఒక పాయతో ఆగదు, అన్నీ వరుసగా దెబ్బతింటాయి. స్టీలు వైరులోనైతే లోపలి పోగులకు పైపోగులు కాపలా ఉంటాయి. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు.

మీ నేలకు నేను హాస్‌నే సిఫారసు చేస్తాను. నల్లరేగడి రోలర్ల చివర్లలోకి చేరి ఎండిందంటే అవి బిగుసుకుపోతాయి. తిరగని రోలర్ మీద తాడు ఎప్పుడూ ఒకే గీత మీద ఒరుసుకుంటుంది, కొన్నాళ్లకు అక్కడ చదునైన మచ్చ, దాని పక్కన అంచు తయారవుతాయి. రెండో ఇబ్బంది మూలల్లో ఉంటుంది. అడ్డ రోలర్, నిలువు రోలర్ కలిసే చోట చిన్న సందు ఉంటుంది. సింథటిక్ తాడు మెత్తన, బిగువు తగ్గితే బల్లపరుపుగా నలుగుతుంది. పక్కకు లాగుతున్నప్పుడు అది ఆ సందులోకి జారితే, మళ్లీ బరువు పడగానే అక్కడే నొక్కుకుపోతుంది. హాస్ ఒకే ముక్క కాబట్టి ఆ సందు అన్నదే ఉండదు. బరువు కూడా నాలుగైదు కిలోల దాకా తగ్గుతుంది, బంపర్ ముందుకు పొడుచుకు వచ్చేదీ తగ్గుతుంది.

అయితే మీకు చూపించిన పౌడర్ కోటింగ్ పలక వద్దు. పౌడర్ కోటింగ్ అంటే లోహం మీద వేడికి గట్టిపడిన ప్లాస్టిక్ పొర. తాడు ఒరిగే పెదవి దగ్గరే అది మొదట పెచ్చులూడుతుంది, ఆ పెచ్చు అంచుల్లో ఇసుక చేరుతుంది. హార్డ్ అనోడైజింగ్ చేసిన అల్యూమినియం అడగండి. అందులో పైపొర అల్యూమినియం ఆక్సైడే, లోహంలోంచే పెరిగినది కనుక పెచ్చులుగా లేవదు. ఏ పూతా లేని వట్టి అల్యూమినియం అయినా పనిచేస్తుంది, కాకపోతే తాడుకు బూడిదరంగు మసి అంటుకుంటుంది. నునుపు పట్టించిన స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మంచిదే, బరువు ఎక్కువ. పోత ఇనుముది మాత్రం వద్దు. తుప్పు పట్టి గరుకెక్కుతుంది.

ఇక కొలతలు. మీ స్థాయి వించ్‌లకు రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. ఏటీవీలకు (నాలుగు చక్రాల చిన్న బండ్లకు) వాడే చిన్నవాటిలో అది 124 మి.మీ. దగ్గర ఉంటుంది, ఫొటో చూసి కొంటే పొరపాటు పడే అవకాశం ఉంది. బోల్టు తలలు పలకలోకి దిగిపోయేలా రంధ్రాలు గుంత చేసి ఉన్నాయో లేదో చూడండి. తల పైకి ఉంటే పక్కకు లాగినప్పుడు తాడు దాన్ని తాకుతుంది.

అన్నిటికన్నా పెదవి గుండ్రన ఎంత ఉందో చూడండి. ఒక అంగుళం మందం ఉన్న హాస్‌లో పెదవి పూర్తిగా గుండ్రంగా ఉన్నా, తాడు తిరిగే వంపు వ్యాసం 25 మి.మీ. మించదు, అంటే మీ తాడు మందానికి రెండున్నర రెట్లు. అంగుళంన్నర మందంలో అది దాదాపు నాలుగు రెట్లకు చేరుతుంది. ఇలాంటి అల్లిక తాళ్లకు తాడు తయారీదారులు చెప్పేది ఎనిమిది రెట్లు. ఆ లెక్కకు ఏ హాసూ అందదు. మీ వించ్ డ్రమ్ కూడా అందదు, దాని వ్యాసం రెండున్నర అంగుళాలే. అయినా పక్కకు లాగడం ఎక్కువన్నారు కాబట్టి అంగుళంన్నర మందానిది తీసుకోండి. సన్నని పలకకూ దానికీ ధరలో ఉన్న తేడా, తాడు ధరతో పోలిస్తే చాలా చిన్నది.

జిప్సీ_విశాఖ

మేస్త్రి గారు చెప్పినవాటిలో చాలావరకు నేను ఒప్పుకుంటాను. అయితే రోలర్లు సింథటిక్ తాడుకు పనికిరావు అన్న అర్థం చదివినవారికి మిగలకూడదు. కొత్త రోలర్లు, స్టీలు వైరు ఎన్నడూ తగలనివి, చివర్లు సందు లేకుండా దగ్గరగా కలిసేవి అయితే అవి తాడును పాడుచేయవు. వంపు విషయంలో అవి సన్నని హాస్ కన్నా మేలు కూడా. రోలర్ వ్యాసం సాధారణంగా అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు ఉంటుంది. తాడుతో పాటు తిరుగుతాయి కాబట్టి రాపిడీ తక్కువ. ఎప్పుడూ పక్కకే లాగే పని ఉండి, ప్రతిసారీ కడిగి గ్రీజు పెట్టే ఓపిక ఉన్నవారు రోలర్లు పెట్టుకుంటే తప్పని నేను అనను.

నేను మాత్రం హాస్‌కే మారాను. కారణం సముద్రం. భీమిలి వైపు ఇసుకలో బండ్లు లాగినప్పుడు ఉప్పునీటి తడి రోలర్ల ఇరుసుల్లోకి వెళుతుంది. వాడనప్పుడు తుప్పు లోపల్లోపల పెరుగుతుంది, బయటికి ఏమీ కనిపించదు. సరిగ్గా అవసరమైన రోజున రోలర్ తిరగదు.

తీరంలో ఉండేవారు ఇంకొకటి గమనించాలి. అల్యూమినియం హాస్‌ను స్టీలు బంపర్‌కు నేరుగా బిగిస్తే, ఆ రెండు లోహాల మధ్య ఉప్పుతడి చేరినప్పుడు అల్యూమినియమే తినుకుపోతుంది. వెనక ముఖం మీద తెల్లని పొడిలాంటిది కనిపిస్తే అదేనని గుర్తించండి. మధ్యలో పలుచని నైలాన్ షీటు గానీ రబ్బరు షీటు గానీ కత్తిరించి పెట్టి, బోల్టులకు కూడా నైలాన్ వాషర్లు వేస్తే చాలావరకు ఆగుతుంది. వికారాబాద్ వారికి ఈ బాధ అంతగా ఉండదు. కానీ బోల్టులు మాత్రం ఎక్కడివారికైనా 8.8 గ్రేడుకు తగ్గకూడదు. తల మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది, చూసి తీసుకోండి.

ఎడారి_జీపు

నేను అమెరికాలో అరిజోనాలో ఉంటాను, నాది రాంగ్లర్. మా వైపు సింథటిక్ తాడు వాడకం చాలా ఎక్కువ, కాబట్టి థార్ గారు అడిగిన వేడి సంగతి మీద కొంత వివరంగా రాస్తాను.

ఈ నార 145 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. అంతకన్నా చాలా ముందే, 70 డిగ్రీలు దాటినప్పటి నుంచే బలం తగ్గడం మొదలవుతుంది. అందువల్ల మీ భయం నిరాధారమైనది కాదు, కానీ వేడి ప్రధానంగా వచ్చే చోటు ఫెయిర్‌లీడ్ కాదు. బరువు పడ్డాక వించ్ నిమిషానికి రెండు మూడు మీటర్లకు మించి లాగదు, పూర్తి బరువు మీద ఇంకా తక్కువ. అంత నెమ్మదిగా జరిగే తాడు, అదీ ఇంత జారుడు నార, నున్నని అల్యూమినియం మీద కరిగిపోయేంత వేడి పుట్టించదు. పుట్టిన కొద్ది వేడినీ ఆ లోహమే లాగేసుకుంటుంది. అసలు వేడి డ్రమ్‌లో ఉంది. మామూలు ప్లానెటరీ (గ్రహాల్లా తిరిగే పళ్లచక్రాల) వించ్‌లలో చాలావాటికి బ్రేకు డ్రమ్ లోపలే ఉంటుంది. బరువు వేలాడుతుండగా మోటారుతో తాడును బయటికి వదిలితే ఆ బ్రేకు కాలి, డ్రమ్‌ను అంటుకొని ఉన్న మొదటి వరుస తాడు గట్టిపడి, గాజులా మెరుస్తుంది. కాబట్టి బరువు మీద ఉన్న తాడును మోటారుతో వదలకండి. వదిలేటప్పుడు బిగువు తీసేసి, క్లచ్ విడిచి, చేత్తో లాగండి. తొలి వరుసలకు వేడి తట్టుకునే తొడుగు ఉన్న తాడైతే మరీ మంచిది. డ్రమ్ మీద కనీసం పది చుట్లు మిగలాలని కూడా మరచిపోకండి; స్టీలు వైరుకు ఐదు చాలు, ఈ జారే తాడుకు చాలవు.

ఫెయిర్‌లీడ్‌ను నిజంగా పరీక్షించేది కోణం. తాడు బిగువు 2,000 కిలోలు అనుకుందాం. నేరుగా లాగితే పెదవి మీద పడే నొక్కుడు దాదాపు సున్నా. 30 డిగ్రీలు పక్కకు తిరిగితే అది వెయ్యి కిలోలు దాటుతుంది. 60 డిగ్రీల దగ్గర తాడు బిగువంతా, అంటే మొత్తం 2,000 కిలోలు, ఆ చిన్న అంచు మీదే పడుతుంది. రాపిడి గుణకం 0.1 అనుకున్నా, ఆ కోణంలో వించ్ లాగుడులో పదో వంతు ఒరిపిడికే పోతుంది. దీనితో పాటు తాడు డ్రమ్ ఒక పక్కకే గుట్టగా చుట్టుకొని పక్క పలకను ఒరుసుకుంటుంది. హాస్ ఎంత మంచిదైనా దీన్ని ఆపలేదు. మరో ఆధారానికి ఒక గిలకను కట్టి, తాడు బంపర్ నుంచి నేరుగా దాని దగ్గరికి వెళ్లి, అక్కడ మలుపు తిరిగేలా చేయండి. ఇప్పుడు రింగులా ఉండే అల్యూమినియం గిలకలు వచ్చాయి. మెత్తని తాడు షాకిల్‌తో (తాడుతోనే చేసిన కొలికితో) కట్టుకోవచ్చు, వాటి వంపు ఏ ఫెయిర్‌లీడ్ కన్నా పెద్దది. చెట్టు దొరకని మీ పొలాల్లో రెండో బండినే ఆ గిలకకు ఆధారంగా నిలపవచ్చు. దాని చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, నేరుగా కాక కోణంలో పడే లాగుడుకు అది జరగకుండా చూసుకోవాలి.

ఎండ గురించి కూడా చెప్పాలి. అతినీలలోహిత కిరణాలకు ఈ నార పైపొర క్రమంగా పాడవుతుంది, ముఖ్యంగా ఫెయిర్‌లీడ్ నోటి దగ్గర ఎప్పుడూ బయటే ఉండే అడుగు, అడుగున్నర ముక్క. అక్కడ రంగు వెలిసి, పోగులు రేగి, తాకితే బిరుసుగా అనిపిస్తే ఆ ముక్క కోసేసి తాడు చివరి కన్ను (కొక్కెం తగిలించే మెలిక) మళ్లీ అల్లించుకోవడం మేలు. అందరూ తాడు మధ్యలో వెతుకుతారు, ఈ మొదటి అడుగును చూడరు.

నల్లరేగడి_థార్

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మేస్త్రి గారు చెప్పినట్టు దూదితో పరీక్షించాను. కింది అడ్డ రోలర్ మీద, కుడి నిలువు రోలర్ పై చివర దగ్గర దూది దారాలు దారాలుగా చిక్కుకుంది. ఆ రోలర్లను తీసేశాను. అంగుళంన్నర మందం, హార్డ్ అనోడైజింగ్ ఉన్న హాస్ తెప్పించాను, రంధ్రాల దూరం సరిపోయింది.

అయితే బిగించి చూశాక కొత్త సందేహం వచ్చింది. బంపర్‌లో తాడు వచ్చే కిటికీని పాత రోలర్ చట్రానికి తగ్గట్టు కోశారు. హాస్ నోరు దానికన్నా కొంచెం పెద్దది. వెనక నుంచి టార్చి వేసి చూస్తే, రెండు చివర్లలో బంపర్ రేకు అంచు హాస్ పెదవి కన్నా నాలుగైదు మి.మీ. లోపలికి పొడుచుకు వచ్చి కనిపిస్తోంది. డ్రమ్ చివరి నుంచి తాడు ఏటవాలుగా వచ్చినప్పుడు అది హాస్‌కన్నా ముందు ఆ రేకునే తాకుతుందేమోనని అనుమానం. ఎత్తు కూడా పూర్తిగా కుదిరినట్టు లేదు. తాడు డ్రమ్ అడుగు నుంచి వస్తుంది, హాస్ నోటి మధ్యగీత దానికన్నా పైన ఉంది. ఇలాగే వాడవచ్చా, లేక బంపర్ కోయించాలా?

మేస్త్రి_ఆటోనగర్

మీ అనుమానం సరైనదే. వెనక నుంచి చూడడం ఎంతో మంచి పని చేశారు. హాస్ మార్చాక కూడా తాడు తెగిందని తెచ్చే బండ్లలో నేను మొదట చూసేది ఆ రేకు అంచే. ఆరేడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ రేకును లేజర్‌తోనో గ్యాస్‌తోనో కోస్తారు, కోసిన మూల కత్తి లాంటిదే. దాని మీద పెయింటు ఉన్నంత మాత్రాన పదును పోదు. బావి ఒర రాయినే చేదతాడు గాడి పడేలా తినేస్తుంది కానీ, ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది, అరిగేది తాడే.

బంపర్ విప్పి, వించ్‌ను, తాడును గోనెగుడ్డతో కప్పి, ఆ కిటికీని రెండు పక్కలా గ్రైండరుతో హాస్ పెదవి కన్నా కనీసం 5 మి.మీ. వెనక్కి పోయేలా కోయించండి. తర్వాత ఆకురాయితో రెండు మూలలనూ గుండ్రం చేసి, 120 నంబరు నుంచి మొదలుపెట్టి 400 నంబరు దాకా ఎమరీ కాగితంతో రుద్ది, అప్పుడు ప్రైమరు, పెయింటు వేయించాలి. హాస్‌ను మాత్రం కాగితంతో రుద్దకండి, అనోడైజింగ్ పొర పోతుంది. గ్రైండరు పొడి డ్రమ్ మీద మిగిలితే తాడు అల్లికలోకి దిగి లోపలి నుంచి కోస్తుంది కాబట్టి, తాడు చుట్టే ముందు డ్రమ్‌ను తడిగుడ్డతో తుడిచి, గాలి కొట్టించండి.

ఎత్తు విషయానికి వస్తే, నోటి లోపలి కింది పెదవి డ్రమ్ అడుగున తాడు విడిపోయే గీతకు సమంగా గానీ కొంచెం కిందికి గానీ ఉండాలి. మధ్యగీత కుదరకపోయినా పరవాలేదు. నిండా చుట్టిన డ్రమ్ నుంచి, ఖాళీ అవుతున్న డ్రమ్ నుంచి తాడు వేర్వేరు ఎత్తుల్లో వస్తుంది, అన్నిటికీ కుదిరే స్థానం ఉండదు. డ్రమ్ అడుగుకు ఒక స్కేలు ఆనించి ముందుకు చాచి చూడండి. అది కింది పెదవిని తాకకుండా పైనుంచి వెళితే అలాగే బిగించవచ్చు. పెదవికి గుద్దుకుంటే, ఎంత తేడా ఉందో అంత మేర హాస్‌ను కిందికి దించేలా బంపర్‌లో కొత్త రంధ్రాలు వేయించాలి.

చివరగా కొక్కెం. స్టీలు వైరుతో అలవాటైనట్టు, దాన్ని మోటారుతో టక్కుమనే దాకా ఫెయిర్‌లీడ్‌కు లాగి బిగించకండి. అల్యూమినియం పెదవికి సొట్ట పడుతుంది, కన్ను దగ్గర తాడు నలుగుతుంది. కన్ను ముందు ఒక రబ్బరు బిళ్ల వేసి, అది హాస్‌ను మెత్తగా తాకగానే ఆపేయండి, కొక్కేన్ని బంపర్ షాకిల్‌కు తగిలించుకోండి. కొత్త తాడును మొదటిసారి చుట్టేటప్పుడు, చదునైన నేల మీద బండి బరువునే లాగుతూ, బిగువుతో, చుట్టు పక్కన చుట్టు వచ్చేలా చుట్టండి. వదులుగా చుట్టిన తాడు బరువు పడగానే కింది వరుసల మధ్యకు దిగి ఇరుక్కుంటుంది. కోసిన తర్వాత వెనక నుంచి తీసిన ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, అంచు సరిపోయిందో లేదో చూసి చెబుతాను.